ఫ్రెంచి నేర్చుకోవడం: తెలుగు చెవితో మొదలుపెట్టండి

ముప్పై దాటాకో, నలభై దాటాకో ఫ్రెంచి క్లాసులో చేరి మధ్యలో మానేసినవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: ఈ వయసులో బుర్రకెక్కదు. ఆ నేరం వయసు మీద మోపడం అన్యాయం. అక్షరాలు ఒకటే కాబట్టి ఫ్రెంచిని ఇంగ్లీషులాగే చదివేస్తాం, ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకుని మాటకు మాట మారుస్తాం. రెండు నెలలు తిరిగేసరికి ఆ తప్పులు నాలుకకు అలవాటైపోతాయి, విన్నది అర్థం కాదు, అన్నది ఎదుటివారికి అందదు. ఫ్రెంచిలో తెలుగుకు దగ్గరగా ఉన్న సంగతులు మనవాళ్లు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. వాటిని పట్టుకుని మొదలుపెడితే మొదటి ఆరునెలల కష్టం సగానికి సగం తగ్గుతుంది.

ఇక్కడ ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలో రాశాం. అది చెవికి ఒక అందాజు ఇవ్వడానికి మాత్రమే. మీ నోట్సులో ఇలా రాసుకోవద్దు. ఎందుకో కింద చెబుతాం.

ముందు గంటల లెక్క

ఐరోపా కొలబద్ద ప్రకారం భాషా స్థాయిలు ఆరు: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. ఏ1 పూర్తయితే మీ గురించి చెప్పుకోగలరు, దుకాణంలో అడిగి కొనగలరు, చిన్న సందేశం రాయగలరు. బీ2 అంటే ఆఫీసు మీటింగులో మీ వాదన నిలబెట్టుకోగల స్థాయి. సున్నా నుంచి మొదలుపెడితే ఏ1కు సుమారు 100 క్లాసు గంటలు, ఏ2 చివరికి మొత్తం 200, బీ1 చివరికి 400, బీ2 చివరికి 600 వరకు పడతాయని లెక్క వేసుకోండి. ఇవి క్లాసు గంటలే. ఇంటి దగ్గర దాదాపు అంతే సమయం పెడితేనే ఈ లెక్క నిలుస్తుంది.

దీన్ని క్యాలెండర్ మీద పరిచి చూడండి. వారానికి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు: ఏ1కు 25 వారాలు. శని, ఆదివారాలు మూడేసి గంటలు: 17 వారాలు. వారానికి నాలుగు గంటలతోనే బీ2 దాకా వెళ్లాలంటే 150 వారాలు, అంటే దాదాపు మూడేళ్లు. పది గంటలు పెట్టగలిగితే 60 వారాలు. "మూడు నెలల్లో బీ2" అని ఎవరైనా ప్రకటన ఇస్తే, 600 గంటలను 90 రోజులతో భాగించండి. రోజుకు ఆరున్నర గంటలకు పైగా, ఒక్క సెలవు లేకుండా, అదీ క్లాసులోనే. ఉద్యోగం చేసుకునేవారికి అయ్యే పని కాదు.

ఎందుకు నేర్చుకుంటున్నారో దాన్నిబట్టి ఏ సర్టిఫికెట్ కావాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకటి ఇంకోదానికి పనికిరాదు. కెనడా కేంద్ర ప్రభుత్వానికి పెట్టే వలస దరఖాస్తుకు టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ, ఈ రెండు ఫ్రెంచి పరీక్షల్లో ఒకటి రాయాలి. ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చే డెల్ఫ్ డిప్లొమా అక్కడ చెల్లదు. ఆ రెండు పరీక్షల ఫలితాలకు రెండేళ్లే గడువు కాబట్టి తొందరపడి ముందే రాస్తే డబ్బు దండగ. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే నైపుణ్యం ఉన్న వలసదారులను కెనడా ఎంచుకునే పద్ధతిలో, 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవారికి విడిగా పిలుపులు వస్తున్నాయి. వాటికి చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింటిలోనూ కెనడా కొలత ప్రకారం 7వ స్థాయి రావాలి, అది దాదాపు బీ2. ఫ్రాన్సులో స్థిరపడేవారికి లెక్క వేరు: 2024 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి ఎక్కువ ఏళ్లు చెల్లే నివాస కార్డుకు ఏ2, పదేళ్ల కార్డుకు బీ1, పౌరసత్వానికి బీ2 అడుగుతున్నారు. డెల్ఫ్ డిప్లొమాకు మాత్రం గడువు లేదు, ఒకసారి వస్తే జీవితాంతం మీదే. వలస నియమాలు మారుతూ ఉంటాయి, దరఖాస్తు పెట్టేరోజున ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోవాలి.

క్లాసు ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

హైదరాబాదులో ఫ్రెంచి నేర్పే అలియాఁస్ ఫ్రాఁసేజ్ ఉంది. 1883లో పారిస్‌లో పుట్టిన సంస్థ అది, అనేక దేశాల్లో కేంద్రాలున్నాయి. అక్కడి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో పార్ట్ టైమ్ కోర్సులు ఉంటాయి. విజయవాడ, విశాఖ, వరంగల్ లాంటి ఊళ్లలో ఉండేవారు ఆన్‌లైన్ బ్యాచ్ తీసుకోవచ్చు, అది ఏ నగరపు కేంద్రానిదైనా ఫరవాలేదు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్యూబెక్‌లో ఉన్న తెలుగువారు ముందుగా ఫ్రాఁసిజాసియోఁ కెబెక్ అనే ప్రభుత్వ సేవలో నమోదు కావాలి, 2023లో మొదలైంది, క్లాసులు ఉచితం. పారిస్‌లో ఉంటే నగరపాలక సంస్థ పెద్దలకోసం నడిపే కోర్సులున్నాయి.

ఫీజు కట్టేముందు కనుక్కోవాల్సిన మొదటి సంగతి ఏ1కు మొత్తం ఎన్ని గంటలని. ఏ1ను రెండు మూడు ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకు ఫీజు తీసుకోవడం మామూలే. మొదటి ముక్క ఫీజు చూసి ఏ1 మొత్తం ఫీజు అనుకునేవారు చాలామంది. పుస్తకం, వర్క్‌బుక్ ఫీజులో కలిసి ఉన్నాయో లేదో కూడా అప్పుడే అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది అన్నది రెండోది. రెండు గంటల క్లాసులో పన్నెండు మంది ఉంటే, టీచరు మాట్లాడే సమయం పోగా, ఒక్కొక్కరికి నోరు తెరిచే అవకాశం ఐదారు నిమిషాలకు మించి రాదు. పాతికమంది ఉన్న బ్యాచ్ ఎంత చవకైనా వద్దు.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది, అన్నిటికన్నా ముఖ్యమైనది అదే: ఇదే టైములో తర్వాతి స్థాయి బ్యాచ్ ఉంటుందా? ఏ1లో పదిహేను మంది చేరితే ఏ2కు ఆరుగురు మిగులుతారు. ఆరుగురితో బ్యాచ్ నడపలేక వాయిదా వేస్తారు, లేదా పగటి పూటకు మారుస్తారు. రెండు మూడు నెలలు ఖాళీ వస్తే నేర్చుకున్నది చాలావరకు జారిపోతుంది. గత ఏడాది సాయంత్రపు ఏ2 బ్యాచ్‌లు ఎన్ని నడిచాయో అడిగితే నిజం తెలుస్తుంది.

టీచరు మొదటి వారం నుంచే క్లాసులో ఎక్కువభాగం ఫ్రెంచిలో మాట్లాడితే భయపడకండి, మంచి గుర్తు అది. అంతా ఇంగ్లీషులో వివరిస్తూ బోర్డు మీద వ్యాకరణ పట్టికలు నింపే క్లాసు సులువుగా అనిపిస్తుంది గానీ మూడు నెలల తర్వాత రోడ్డు మీద ఒక్క ప్రశ్న కూడా అర్థం కాదు. ఆన్‌లైన్ అయితే ఫోన్ చాలదు, ల్యాప్‌టాప్ కావాలి, మైకు ఉన్న హెడ్‌సెట్ కావాలి. ఫ్రెంచిలో తేడాలన్నీ పెదవుల దగ్గరే ఉంటాయి, అందుకని మీ కెమెరా తెరిచి ఉంచండి, టీచరు ముఖం తెరమీద పెద్దదిగా పెట్టుకోండి.

చేరేముందు రెండు వారాలు: శబ్దాలు

పుస్తకం తెరిచేలోపు రోజుకు ఇరవై నిమిషాలు శబ్దాలకు పెట్టండి. తెలుగువారికి ఇక్కడ పుట్టుకతో వచ్చిన ఆస్తి ఉంది. ఫ్రెంచి టి, డి అక్షరాలు పలికేది మన త, ద లాగే, నాలుక పళ్లకు తగిలించి. ఇంగ్లీషు మాటల్లో మనం ట, డ పెట్టడానికి అలవాటుపడ్డాం కాబట్టి ఫ్రెంచిలోనూ "టాబ్ల్", "టాక్సీ" అంటాం. "తాబ్ల్", "తాక్సీ" అనండి, అంతే, సరిపోయింది. అలాగే ప, త, క పలికేటప్పుడు ఇంగ్లీషువారు గాలి వదులుతారు, ఫ్రెంచివారు వదలరు, తెలుగువారూ వదలరు. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని "పారీ" అనండి. కాగితం కదలకపోతే మీ ప ఫ్రెంచి ప. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు నెలల తరబడి సాధన చేసేది మీకు ఉచితంగా వచ్చింది.

ముక్కు అచ్చులకు వస్తే మనకు అరసున్న ఉంది. నిండు సున్నను ఊది పలకాలనీ అరసున్నను తేల్చి పలకాలనీ పాత వ్యాకరణాలు చెప్పేవి. ఫ్రెంచికి కావలసింది ఆ తేలిక సున్నే. "బోఁ" అంటే మంచిది. "బోన్" అన్నారంటే అదే మాట స్త్రీలింగం అయిపోతుంది. నాలుక ఎక్కడా తగలకూడదు, గాలి సగం ముక్కులోంచి పోవాలి. హిందీ "హాఁ", "నహీఁ" పలకగలిగితే ఇదీ పలకగలరు. మూడు మాటల్ని పక్కపక్కన పెట్టి రోజూ పదిసార్లు అనండి: "వేఁ" (ద్రాక్షసారా), "వాఁ" (గాలి), "వోఁ" (వెళ్తారు). మొదటిది నోరు పక్కలకు సాగదీసి, రెండోది బాగా తెరిచి, మూడోది గుండ్రంగా చేసి. నోరు పట్టుకునే ఆకారం తప్పితే మూడూ ఒకటే అయిపోతాయి.

మన దగ్గర లేనివి కొన్ని. యు అక్షరం పలికే శబ్దం కోసం "ఈ" అని సాగదీస్తూ, నాలుక కదపకుండా, పెదవులు మాత్రం ఈల వేస్తున్నట్టు ముందుకు తీసుకురండి. వచ్చిన శబ్దమే అది. దాన్ని ఇక్కడ "యు" అని రాస్తున్నాం గానీ అందులో య ఏమీ లేదు. "దెస్యు" అంటే పైన, "దెసూ" అంటే కింద. "ర్యు" అంటే వీధి, "రూ" అంటే చక్రం. పుస్తకం బల్ల మీద ఉందో కింద ఉందో ఈ ఒక్క అచ్చు చెబుతుంది. ఇదే పద్ధతిలో "ఏ" అంటూ పెదవులు గుండ్రంగా చుడితే రెండు అనే అంకెకు కావలసిన అచ్చు వస్తుంది.

జే అక్షరపు శబ్దం, "జ" (నేను) లో వచ్చేది, మన జ కాదు. "శ్‌శ్‌" అంటూ దానికి గొంతు కలపండి. జెడ్ అక్షరానికైతే "జడ", "జల్లు" మాటల్లోని దంత్య జ దగ్గరగా ఉంటుంది. పాత పుస్తకాల్లో దీన్ని ౙ అని రాసేవారు. అందులోంచి ద్ తీసేసి గాలి మాత్రం సాగనివ్వండి. వ పలికేటప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకాలి, మన వలాగా పెదవులు వదులుగా ఉంచితే వాళ్లకు వేరే శబ్దం వినిపిస్తుంది.

ర గురించి అందరూ బెంగపడతారు. అది గొంతులో పుట్టే ర, నీళ్లు పుక్కిలించేటప్పుడు వచ్చే గరగరను పలచన చేసినట్టు. హైదరాబాదీ ఉర్దూ చెవిన పడిన వాళ్లకు "ఖబర్"లో ఖ, "గరీబ్"లో గ దాని ఇరుగుపొరుగు. రాకపోతే ఆగిపోవద్దు. మన నాలుక ర తో మాట్లాడినా అర్థం చేసుకుంటారు, ఏ మాటకూ అర్థం మారదు. యు, ఊ తేడా పోతే మాత్రం అర్థం మారుతుంది. ఉన్న సమయం అచ్చుల మీద పెట్టండి.

ఇక తెలుగువారు అందరికన్నా ఎక్కువగా చేసే తప్పు. మనది అజంత భాష. బస్ మనకు బస్సు, కార్ కారు. ఫ్రెంచి మాట హల్లుతో ముగిసినప్పుడు తెలియకుండానే చివర ఒక ఉ తగిలిస్తాం. "పెతీ" అంటే చిన్నవాడు, "పెతీత్" అంటే చిన్నది. "పెతీతు" అంటే వాళ్లకు ఏదీ కాదు. మీ గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని ఈ ఒక్కదానికోసమే వినండి. మొదటి వారంలో ప్రతి రెండో మాటకూ ఉ దొరుకుతుంది.

తెలుగు లిపిలో రాసుకోవద్దనడానికి కారణం కూడా ఇదే. తెలుగులో రాసుకున్న మాటను తెలుగులాగే చదువుతాం. యు, జ, ర అన్నీ మన శబ్దాల్లో కలిసిపోతాయి. ఉచ్చారణ గుర్తుండాలంటే మాట పక్కన ఆడియో ఎక్కడుందో రాసుకోండి, పాఠం నంబరు, ట్రాక్ నంబరు. చాలు.

పేరు స్పెల్లింగు, అంకెలు

మొదటి క్లాసులోనే పేరు అక్షరం అక్షరం చెప్పమంటారు. ఇక్కడ పెద్ద తికమక జీ, జే. ఫ్రెంచిలో అవి అటుదిటు: ఇంగ్లీషు జీ అక్షరాన్ని "జే" అంటారు, జే అక్షరాన్ని "జీ" అంటారు. ఇంగ్లీషు ఐ అక్షరం "ఈ". హెచ్ "ఆష్", డబ్ల్యూ "దూబ్ల్ వే", వై "ఇగ్రెక్". అక్షరం రెండుసార్లు వస్తే, ఉదాహరణకు సుబ్బారావులో బీ, "రెండు బే" అని చెప్పాలి. ఫారంలో "నోఁ" అంటే ఇంటిపేరు, "ప్రెనోఁ" అంటే మన పేరు. ఇంటిపేరు ముందు రాయడం మనకు కొత్త కాదు.

అంకెలు 69 దాకా బండి సాఫీగా పోతుంది. 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు-ఇరవైలు, 90 అంటే నాలుగు-ఇరవైలు-పది. 97 చెప్పాలంటే నాలుగు-ఇరవైలు-పది-ఏడు. బెల్జియంలో, స్విట్జర్లాండులో 70కి, 90కి సూటి మాటలున్నాయి, ఫ్రాన్సులో, క్యూబెక్‌లో లేవు. ఫ్రాన్సులో ఫోన్ నంబరుకు పది అంకెలు, రెండేసి చొప్పున ఐదు జతలుగా చెబుతారు. "సువసాఁత్" వినగానే 60 అని రాసేస్తే దాని వెనకాలే పదిహేను వచ్చి అది 75 అవుతుంది. కాబట్టి జత పూర్తయ్యేదాకా కలం ఆపాలి. మన మొబైల్ నంబర్లూ పది అంకెలవే. మీ ఫోన్లో ఉన్న ఐదు నంబర్లు రోజూ జతలుగా పైకి చదవండి. మూడు వారాల్లో అంకెల భయం పోతుంది, పరీక్షలో మార్కులు కూడా ఇక్కడే ఉంటాయి.

సంధి తెలిసినవారికి లియెజోఁ కష్టం కాదు

ఫ్రెంచి మాటల చివరి హల్లులు చాలావరకు పలకరు. కానీ తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఆ నిద్రపోతున్న హల్లు లేచి కూర్చుంటుంది, దీన్నే లియెజోఁ అంటారు. "వూ" (మీరు) వెనక "అవే" (కలిగి ఉన్నారు) వస్తే "వూజవే", "లే" (బహువచనం ముందు వచ్చే, ఇంగ్లీషు "ది" లాంటి మాట) వెనక "అమీ" (స్నేహితులు) వస్తే "లేజమీ". మా, అమ్మ కలిసి మాయమ్మ అయినప్పుడు మధ్యలో య వచ్చినట్టే, అచ్చుల మధ్య ఖాళీ రాకుండా చూసుకోవడం. ఇంకొక రకం: "ల", "జ" లాంటి పొట్టి మాటల చివరి అచ్చు, తర్వాతి అచ్చు ముందు పూర్తిగా పోతుంది, ఉత్వ సంధిలో ఉ పోయినట్టు. "రాముడు అతడు" "రాముడతడు" అయినట్టే "జ" (నేను), "ఎమ్" (ఇష్టపడతాను) కలిసి "జెమ్".

హెచ్ తో మొదలయ్యే కొన్ని మాటల ముందు మాత్రం సంధి చేయకూడదు. హెచ్ పలకరు గానీ గోడలా నిలబడుతుంది. "లే ఏరో" అంటే వీరులు. అక్కడ సంధి చేసి "లేజేరో" అంటే సున్నాలు. అలాంటి మాటలను నిఘంటువు నక్షత్రపు గుర్తుతోనో చిన్న గీతతోనో చూపిస్తుంది, వాటిని విడిగా ఒక పేజీలో రాసుకోండి.

మాటల మధ్య హద్దులు చెరిగిపోవడం వల్లే మొదట్లో "వేగంగా మాట్లాడుతున్నారు" అనిపిస్తుంది. చెవిని సరిచేయడానికి డిక్టేషన్‌ను మించిన మందు లేదు. పాఠ్యపుస్తకం ఆడియోలోంచి ముప్పై సెకన్లు తీసుకోండి. పుస్తకం మూసి మూడుసార్లు వినండి. ఆపుతూ రాయండి. పుస్తకం తెరిచి ఎర్ర కలంతో దిద్దుకోండి. ఆ తర్వాత ఆడియోతో పాటు, దాని వేగంతోనే, ఐదుసార్లు పైకి చదవండి. మొత్తం పన్నెండు నిమిషాలు. రోజూ చేస్తే రెండో నెలకల్లా తేడా మీకే తెలుస్తుంది. పాఠం వినకుండా చూసి చదివేవారికి ఆ తేడా ఎప్పటికీ రాదు.

వాక్యాలు: తెలుగు ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ పడదు

"త్యు", "వూ" అంటే నువ్వు, మీరు. వూ కూడా మన మీరులాగే బహువచనానికీ గౌరవానికీ ఒకటే మాట. ఇంగ్లీషువారికి ఒక పాఠం పట్టేది మీకు ఒక్క వాక్యంతో తెలిసిపోతుంది. తేడా వాడుకలో ఉంది: ఇంట్లో అమ్మానాన్నలకు, అత్తయ్యలకు ఫ్రెంచివారు మామూలుగా త్యు అంటారు, దుకాణంలో కుర్రవాడికి వూ అంటారు. ఎదుటివారు చొరవ చూపేదాకా పరిచయం లేని పెద్దలతో వూ వాడండి, తప్పు పట్టేవారుండరు.

వయసు చెప్పేటప్పుడు ఇంగ్లీషు మనల్ని దెబ్బతీస్తుంది. "నేను 35" అన్నట్టు చెప్పకూడదు, "నాకు 35 ఏళ్లు ఉన్నాయి" అన్నట్టు చెప్పాలి: "జే త్రాఁత్‌సేఁకాఁ". ఆకలి, దాహం, చలి, భయం అన్నీ ఇలాగే. నాకు ఆకలి, నాకు చలి అని తెలుగులో అనుకుని "జే ఫేఁ", "జే ఫ్రువా" అనండి. "నేను చల్లన" అని ఇంగ్లీషు పద్ధతిలో అంటే ఆప్యాయత లేని మనిషినని చెప్పుకున్నట్టవుతుంది. ప్రశ్న కూడా అంతే: తెలుగులో వాక్యాన్ని కదపకుండా చివర ఆ చేర్చినట్టు, ఫ్రెంచిలో వాక్యాన్ని కదపకుండా ముందు "ఎస్క" చేర్చితే చాలు. మాటలు అటూ ఇటూ తిప్పి అడిగే పద్ధతి తర్వాత నేర్చుకోవచ్చు.

తెలుగు సాయపడని చోట్లు మూడు. "వస్తాను" అంటే మనకు నేను అవసరం లేదు. ఫ్రెంచిలో కర్త తప్పనిసరి, ఎందుకంటే క్రియ చివర చాలావరకు రాతలోనే మారుతుంది, పలుకులో మారదు. నేను, నువ్వు, అతడు, వాళ్లు, నలుగురికీ మాట్లాడటం "పార్ల్" అనే వినిపిస్తుంది. వాళ్లు అన్న రూపంలో చివరి మూడక్షరాలు రాస్తారు, పలకరు. "పార్లెంత్" అని చదవడం ఏ1లో రోజూ వినిపించే తప్పు. రెండోది విశేషణం. ఎర్ర కారు అనకూడదు, కారు ఎర్ర అనాలి. చిన్న, పెద్ద, మంచి, కొత్త లాంటి కొన్ని మాత్రం ముందుకు వస్తాయి.

మూడోది లింగం, దీనికే ఎక్కువ శ్రద్ధ కావాలి. తెలుగులో అర్థాన్ని చూసి లింగం చెప్పగలం. ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం, కారణం అడిగి లాభం లేదు. మాటను ఎప్పుడూ ఒంటరిగా నేర్చుకోవద్దు, "అఁ" (పుంలింగానికి "ఒక") గానీ "యూన్" (స్త్రీలింగానికి "ఒక") గానీ తగిలించే నేర్చుకోండి. ఇంగ్లీషు "ది" లాంటి "ల" (పుం), "లా" (స్త్రీ) తో రాసుకుంటే అచ్చు ముందు రెండూ ఒకే రూపంలోకి కుదించుకుపోయి లింగం కనబడకుండా పోతుంది, అందుకే అఁ, యూన్ మేలు. నోట్సులో రెండు రంగుల కలాలు వాడండి. కొన్ని ముగింపులు దారి చూపిస్తాయి: "సియోఁ"తో ముగిసేవి, "ఎత్"తో ముగిసే చిన్న వస్తువుల పేర్లు స్త్రీలింగం, "మాఁ"తో ముగిసే నామవాచకాలు దాదాపు అన్నీ పుంలింగం. "ఆజ్"తో ముగిసేవి కూడా పుంలింగమే గానీ ప్లాజ్ (సముద్రతీరం), ఇమాజ్ (బొమ్మ), పాజ్ (పుట) లాంటివి కావు. తప్పులు వస్తూనే ఉంటాయి, బీ2 వాళ్లకూ వస్తాయి. లింగం గుర్తు రాలేదని మాట మధ్యలో ఆగిపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంగ్లీషు పూర్తిగా పక్కన పెట్టమని మా ఉద్దేశం కాదు. చదివేటప్పుడు వేల మాటలు అక్కడినుంచే గుర్తుపడతారు. జాగ్రత్త పడాల్సినవి కొన్ని: "లిబ్రెరీ" అంటే పుస్తకాల షాపు, గ్రంథాలయం కాదు. "ఆతాఁద్ర్" అంటే ఎదురుచూడటం. "రెస్తే" అంటే ఉండిపోవడం, విశ్రాంతి కాదు. "మొనే" అంటే చిల్లర.

వారం ఎలా గడవాలి

వారానికి నాలుగు గంటల క్లాసుకు ఇంట్లో ఐదు రోజులు, రోజుకు 40 నిమిషాలు కనీసం. ఆదివారం ఒకేసారి మూడు గంటలకు పైగా కూర్చుంటే ఆ ఫలితం రాదు, మరుపు రోజూ జరుగుతుంది కాబట్టి మననం కూడా రోజూ జరగాలి. పొద్దున 10 నిమిషాలు పాత మాటల కార్డులు, మెట్రోలోనో బస్సులోనో 15 నిమిషాలు వినడం, రాత్రి 15 నిమిషాలు రాత. కొత్త మాటలు రోజుకు ఎనిమిది, పదికి మించనీయకండి. ఒక్కో మాటను మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకు తిరగేయాలి. అంకీ లాంటి యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది. డుయోలింగో మాటలు గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది, మాట్లాడటం నేర్పదు. ఫ్రెంచి టీవీ చానెల్ టీవీ5 మోండ్ వాళ్ల ఉచిత అభ్యాసాలు ఏ1 నుంచే ఉన్నాయి. ఫ్రాన్సు అంతర్జాతీయ రేడియో ఆర్ఎఫ్ఐ సులభ ఫ్రెంచి వార్తలు రోజుకు పది నిమిషాలు ఉంటాయి గానీ ఏ1లో అవి అందవు, ఏ2 చివర్లో మొదలుపెట్టండి.

క్లాసు అయిన 24 గంటల్లోపు నోట్సు ఒకసారి శుభ్రంగా తిరిగి రాయండి. హోంవర్కును అనువాద యాప్‌తో చేయొద్దు. ఏ1 విద్యార్థి బీ1 వాక్యం రాసి తెస్తే టీచరుకు మీ తప్పు ఎక్కడుందో తెలియదు, దిద్దడానికి ఏమీ మిగలదు. తెలిసిన మాటలతోనే రాయండి, వాక్యం ఎంత చిన్నదైనా సరే. టైపు చేయడానికి ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఫ్రెంచి కీబోర్డు చేర్చుకోండి. అక్షరాల మీది గుర్తులు అలంకారాలు కావు, అవి లేకపోతే "మాట్లాడాను" రాయబోయి "మాట్లాడతాను" రాసినవారవుతారు.

క్లాసులో చేయి ఎత్తడానికి నాలుగు వాక్యాలు మొదటి రోజే బట్టీ పట్టండి: "రెపెతే, సిల్ వు ప్లే" (మళ్లీ చెప్పండి), "ప్ల్యు లాఁత్‌మాఁ" (ఇంకా నెమ్మదిగా), "జ నే పా కోఁప్రి" (అర్థం కాలేదు), "కొమాఁ ఓఁ ది..." (...ని ఏమంటారు). వీటిని ఫ్రెంచిలోనే అడిగే అలవాటుంటే క్లాసు ఇంగ్లీషులోకి జారదు.

రెండు చోట్ల జనం జారిపోతారు. ఒకటి ఐదో, ఆరో వారం, క్రమం లేని క్రియలు ఒక్కసారిగా మీద పడినప్పుడు. అప్పుడు అన్నీ కాదు, నాలుగే పట్టుకోండి: ఉండటం, కలిగి ఉండటం, వెళ్లడం, చేయడం. తర్వాత వచ్చేవన్నీ వీటి మీదే కట్టుకుంటాయి. రెండోది భూతకాలం వచ్చినప్పుడు. కొన్ని క్రియలకు "కలిగి ఉండటం", కొన్నిటికి "ఉండటం" సహాయక్రియ. "ఉండటం" తీసుకునేవి వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం లాంటి పదిహేను చిల్లర, ఆ జాబితా ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించండి. ఒక క్లాసు తప్పితే ఆ పాఠం వర్క్‌బుక్ పేజీలు తర్వాతి క్లాసులోపు పూర్తి చేయాలి. వరసగా రెండు తప్పితే టీచరును అడిగి ఒక గంట విడిగా చెప్పించుకోవడం మంచిది, లేకపోతే మూడో క్లాసుకు వెళ్లబుద్ధి కాదు.

క్యూబెక్‌లో ఉండేవారికి ఒక మాట: అక్కడ ఇ, యు శబ్దాల ముందు త, ద కాస్త మారతాయి. "త్యు" అన్నది పాత ౘ తో, "దీస్" (పది) అన్నది ౙ తో మొదలైనట్టు వినిపిస్తుంది. "చాప"లో చ, "జడ"లో జ పలికే నోటికి ఇది వెంటనే వచ్చేస్తుంది.

మొదటి పరీక్ష

ఏ1 అయ్యాక డెల్ఫ్ ఏ1 రాయడం తప్పనిసరి కాదు, కానీ తేదీ ఒకటి ముందుంటే చదువు గాడిలో ఉంటుంది. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 100కి 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. వినడం సుమారు 20 నిమిషాలు, చదవడం 30, రాయడం 30. రాతలో ముందు ఒక ఫారం నింపాలి, తర్వాత కనీసం 40 మాటల సందేశం. ఫారం మార్కులు ఊరికే వచ్చేవి, పుట్టిన తేదీ, జాతీయత, వృత్తి తప్పులేకుండా రాయడం ముందే సాధన చేయండి. సందేశం 40 మాటలకు తగ్గితే మార్కులు పోతాయి, లెక్కపెట్టుకోవాలి. మాట్లాడేది ఐదు నుంచి ఏడు నిమిషాలు, సిద్ధం కావడానికి పది నిమిషాలు ఇస్తారు: మీ గురించి ప్రశ్నలు, చీటీ మీద మాట చూసి మీరు ప్రశ్న అడగడం, దుకాణంలో కొనుగోలు లాంటి చిన్న సంభాషణ. రెండోదాంట్లో మనవాళ్లు తడబడతారు, ఎందుకంటే క్లాసులో జవాబులు చెప్పడమే అలవాటు. ఇంట్లో ఏ వస్తువు కనబడితే దాని మీద ఒక ప్రశ్న అడిగే ఆట ఆడండి.

పరీక్షలు ఏడాదికి కొన్నిసార్లే జరుగుతాయి, నమోదు ముందుగానే ముగుస్తుంది. దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయండి. డిప్లొమా మీద అదే అచ్చవుతుంది, తర్వాత మార్పించడం పెద్ద తలనొప్పి. పరీక్ష అయిన వారంలోనే ఏ2 బ్యాచ్‌లో పేరు ఇచ్చేయండి. బ్యాచ్ మూడు వారాలకు మించి ఆలస్యమైతే అప్పటిదాకా కొత్త పాఠం తెరవకుండా, ఏ1 పుస్తకం ఆడియోలన్నీ మొదటినుంచి, రోజుకు రెండు చొప్పున, డిక్టేషన్ రాస్తూ రండి.